ఉప్పు సంగతి తెలిసింది, ఊపిరి సంగతి తెలియలేదు

2022 సెప్టెంబరులో, మాకు పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో పదేళ్ళ పిల్లవాడు నీళ్ళలో మునిగిపోయాడు. బయటికి తీశాక అమ్మానాన్నలు బస్తాల కొద్దీ ఉప్పు తెప్పించారు. కుప్పగా పోసి, అందులో పిల్లవాడిని పడుకోబెట్టి, ఒంటినిండా ఉప్పు కప్పి, ముఖం ఒక్కటీ బయటికి ఉంచి గంటల తరబడి కాచుకుని కూర్చున్నారు. ఉప్పు ఒంట్లోని నీళ్ళను లాగేస్తుందనీ, కొన్ని గంటల్లో ప్రాణం తిరిగొస్తుందనీ ఫోన్లలో తిరిగిన మెసేజిని వాళ్ళు నమ్మారు. చివరికి డాక్టరొచ్చి చూసి, లేడని చెప్పాల్సి వచ్చింది.

ఆ వార్త చదివి చాలామంది మూఢనమ్మకం అని పెదవి విరిచారు. నాకు ఒళ్ళు మండింది ఆ మాటకే. మూఢనమ్మకమంటే తాతముత్తాతల నాటి నుంచి వచ్చేది. ఇది నిన్న గాక మొన్న ఫోనులో పుట్టింది. ఊరూ పేరూ లేనివాడెవడో రాసిన అబద్ధం, పైసా ఖర్చు లేకుండా పల్లెపల్లెకూ చేరింది. నిజంగా ప్రాణం నిలబెట్టగల పని ఒకటి, కనిపెట్టి 60 ఏళ్ళు దాటినా, అదే పల్లెకు చేరలేదు. చేర్చడానికి బడి ఉంది, బళ్ళో పంతులున్నాడు, పంతులికి జీతముంది. అయినా చేరలేదు. నీళ్ళలోంచి తీసిన బిడ్డను ఇవాళ్టికీ తలకిందులుగా పట్టుకుని గిరగిరా తిప్పుతారు, బోర్లా వేసి కడుపు నొక్కుతారు. చేయాల్సింది ఛాతీ నొక్కడం, నోటితో ఊపిరి ఊదడం. సీపీఆర్ అని టీవీల్లో వినేది దాన్నే. దేశంలో ఏటా నీళ్ళలో మునిగి పోయేవాళ్ళు 30 వేలకు పైమాటేనని నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతాయి. వాళ్ళలో పిల్లలు ఎందరో, ఒడ్డున నిలబడి చూసిన పిల్లలు ఇంకెందరో.

పత్తికొండ నుంచి రాస్తున్నాను కాబట్టి మా లెక్క చెబుతాను. గుండె ఆగాక మెదడుకు నెత్తురు అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో అది చెడిపోవడం మొదలవుతుంది. ఏమీ చేయకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా పడిపోతుంది. 108 బండి పల్లెలకు 20 నిమిషాల్లో చేరాలన్నది లక్ష్యం. 2005 ఆగస్టు 15న మొదలైంది మొదలు ఆ బండి ఎన్ని కడుపుకోతలు తప్పించిందో మాకు తెలుసు. దాని మీద నాకు కోపం లేదు. కానీ కూడికలు, తీసివేతలు వచ్చినవాళ్ళెవరైనా చూడండి. బండి ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా, చెప్పిన టయానికి మా దూదేకొండకో పందికోనకో వచ్చి ఆగినా సరే, గుండె ఆగినవాడికి అది పావుగంట ఆలస్యం. అంటే అంతా సక్రమంగా జరిగినా మనిషి పోతాడు. ఇంత తేటతెల్లంగా ఉన్న లెక్కను సచివాలయంలో ఒక్కరైనా వేసి చూసుకున్నారా?

కర్నూలు పెద్దాసుపత్రి మాకు దేవనకొండ, కోడుమూరు దాటి దాదాపు 80 కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఏ కలెక్టరూ తగ్గించలేడు. చరిత్ర పుస్తకాల్లో మా ఊరి పేరు వినబడేదే ఒక చావుతో. 1827 జులై 6న మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఇక్కడే కలరాతో కన్నుమూశాడు. పొద్దున జబ్బుపడినవాడు రాత్రికల్లా లేడు. గుత్తికి తీసుకుపోయి పూడ్చారు. గవర్నరంతటివాడికి అందని వైద్యం ఆనాడు ఎవరికీ తెలియదు, తప్పుపట్టడానికి లేదు. ఇప్పుడు తెలుసు. ఛాతీ నొక్కడానికి ఆసుపత్రి అక్కర్లేదు, మందు అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు. పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి చేతనవ్వాలి.

పక్కన ఉండేదెవరు? దీపావళి దాటిందంటే తుగ్గలి, దేవనకొండ వైపు పల్లెల్లో వయసులో ఉన్నవాళ్ళు గుంటూరు మిరప కోతలకు మూటాముల్లే కట్టుకుని పోతారు. కొందరు పిల్లల్ని కూడా వెంటేసుకుపోతారు, అది వేరే ఏడుపు. ఇంటి కాడ మిగిలేది అవ్వా తాతలు, వాళ్ళకు తోడుగా వదిలిపెట్టిన బడిపిల్లలు. తాతకు గుండె ఆగిన రాత్రి పక్క మంచంలో పడుకుని ఉండేది తొమ్మిదో తరగతి మనవరాలు. ఆ ఇంట్లో ఆశా కార్యకర్త ఉండదు, వలంటీరు ఉండడు, కాంపౌండరు ఉండడు. సర్కారు చెయ్యి ప్రతి ఇంటికీ చేరే దారి ఏదైనా ఉందంటే అది ఆ పిల్ల బడిసంచి ఒక్కటే. ఆ సంచిలో ఏం పెట్టి పంపాం?

గుండెకు నాలుగు గదులని పెట్టి పంపాం. మొన్నమొన్నటి వరకు ఉన్న పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో ముచ్చటైన ప్రయోగం ఒకటుండేది. చొక్కా గుండీ కన్నంలో అగ్గిపుల్ల గుచ్చి మణికట్టు మీద నాడి దగ్గర నిలబెడితే, నాడి కొట్టుకున్నప్పుడల్లా పుల్ల కదులుతుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు, ఒకరి చేతి మీద ఒకరు పెట్టుకుని లెక్కపెట్టేవాళ్ళు, నిమిషానికి 72 అని నోటుబుక్కులో రాసుకునేవాళ్ళు. అంత మంచి పాఠం రాసినవాళ్ళకు ఇంకొక్క ప్రశ్న తట్టలేదు: పుల్ల కదలడం ఆగిపోతే ఏం చేయాలి? ఆ జవాబు ఏ పేజీలోనూ లేదు. గుండె నిలువుకోత పటం గీసి భాగాలు గుర్తించడం మాత్రం ఉంది. పుస్తకాలు మారాయి, ఎన్‌సీఈఆర్‌టీవి వచ్చాయి, పటం ఇంకాస్త అందంగా వచ్చింది. మా పిల్లలు కర్ణికలూ జఠరికలూ కళ్ళు మూసుకుని గీస్తారు. ఆ గీసిన చెయ్యే, తాత పడిపోతే ఆయన నోట్లో చెంచాతో నీళ్ళు పోస్తుంది. తెలివి తప్పినవాడికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని కూడా ఆ చేతికి ఎవరూ చెప్పలేదు.

పిల్లల సంగతి సరే, పెద్దలేం చేస్తారో మా టమాటా మార్కెట్లోనో బస్టాండులోనో మనిషి పడిపోయినప్పుడు చూడాలి. ఎప్పుడైనా ఒకటే తంతు. క్షణంలో యాభైమంది చుట్టూ మూగుతారు. 'గాలి ఆడనీండప్పా' అని అరిచే ప్రతివాడూ గాలికి అడ్డంగా నిలబడే ఉంటాడు. ఒకాయన ఉల్లిగడ్డ నలిపి ముక్కు కాడ పెడతాడు. ఒకాయన తాళంచెవుల గుత్తి తీసి అరచేతిలో కుక్కుతాడు. సోడా ముఖాన కొడతారు, అరికాళ్ళు రుద్దుతారు, పైకెత్తి కూర్చోబెట్టబోతారు. అంతలో ఆ మనిషి నోరు తెరిచి, గొంతులోంచి గురకలాంటి ఊపిరి ఒకటి లాగుతాడు. 'బతికినాడు, ఊపిరి ఆడ్తాంది' అని అందరూ కేకలేస్తారు. అది ఎగశ్వాస. గుండె ఆగిన తొలి నిమిషాల్లో చాలామందికి వస్తుంది. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలన్నదానికి అంతకన్నా పెద్ద గుర్తు ఉండదు. మావాళ్ళు సరిగ్గా దాన్ని చూసే చేతులు దులుపుకుంటారు. కుర్రవాళ్ళు ఈలోగా ఫోన్లు ఎత్తి పట్టుకుని వీడియో తీస్తుంటారు. సాయంత్రానికి అది ఊరందరి ఫోన్లలోకీ వస్తుంది, కింద దణ్ణాల బొమ్మలు వరసగా పడతాయి.

ఇంతకీ ఆ విద్య ఎంత? మనిషి పడిపోయాడు. భుజం తట్టి గట్టిగా పిలువు. పలకలేదు, ఊపిరి లేదు, లేదా ఎగశ్వాస తీస్తున్నాడు. ఒకరిని 108కి ఫోను చేయమను. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టు. ఛాతీ నడిమధ్య, రొమ్ము ఎముక కింది సగం మీద, ఒక అరచేతిలో మణికట్టు వైపు భాగాన్ని ఆనించి, రెండో చెయ్యి దాని మీద వేసి, మోచేతులు వంచకుండా నీ బరువంతా వేసి నొక్కు. పెద్దవాళ్ళకు 5, 6 సెంటీమీటర్లు దిగాలి. వదులు, ఛాతీ పైకి లేవనీ. మళ్ళీ నొక్కు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి, ఎందుకంటే ఎంత బలవంతుడికైనా చేతులు పడిపోతాయి. నీళ్ళలో మునిగినవాళ్ళకైతే 30 నొక్కులకు రెండుసార్లు నోటితో ఊపిరి ఊదాలి. ఇంతే. మీరు ఇప్పుడు చదివిన ఈ నాలుగు ముక్కలు, చేత్తో రెండుసార్లు చేయించి చూపితే గంటలో వచ్చేస్తాయి. గంట! త్రికోణమితికి నెలలిస్తున్నాం.

ఈ మాట పట్టుకుని పెద్ద కుర్చీలో ఉన్న ఒకాయన దగ్గరికి పోతే, గుండెపోటు పట్నంవాళ్ళ జబ్బండీ, కష్టం చేసే పల్లెటూరివాళ్ళకు అదేం రాదు అన్నాడు. మా పల్లెల్లో గుండె ఎలా ఆగుతుందో ఆయనకు తెలియదు. తడి చేత్తో స్టార్టరు ముట్టుకుంటే ఆగుతుంది. లైన్‌మన్ కోసం కాచుకోలేక ట్రాన్స్‌ఫార్మరు కాడ తానే ఫ్యూజు వేయబోతే ఆగుతుంది. గాలివానకు తెగి చేలో పడిన తీగ మీద కాలేస్తే ఆగుతుంది. కరెంటు కొట్టి దేశంలో ఏటా 10 వేలమందికి పైగా పోతున్నారు. బోరు మీద బతికే మా సీమలో ఆ చావు తెలియని ఊరు చూపించమనండి.

పైగా ఈ విద్య పుట్టిందే కరెంటు చావుల నుంచి. అమెరికాలో తీగల మీద పనిచేసేవాళ్ళు షాకు కొట్టి రాలిపోతుంటే, అక్కడి కరెంటు కంపెనీలు డబ్బిచ్చి దానికి మార్గం చూడమన్నాయి. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్‌లో ఆ పని మీద కూర్చున్న విలియం కౌవెన్‌హోవెన్ డాక్టరు కాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆయన దగ్గర పనిచేసే గై నికర్‌బాకర్, కుక్క ఛాతీ మీద షాకు పలకలు గట్టిగా అదిమినప్పుడు, ఇంకా కరెంటు ఇవ్వకముందే, దాని రక్తపోటు లేవడం గమనించాడు. సర్జన్ జేమ్స్ జూడ్ తోడయ్యాడు. 1960లో ముగ్గురూ కలిసి ఆ సంగతి అచ్చువేయించారు. రెండు చేతులుంటే చాలు, ఎక్కడైనా ఎవరైనా మొదలుపెట్టవచ్చని అందులోనే చెప్పారు. 1967 జులైలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో రాండల్ చాంపియన్ అనే లైన్‌మన్ స్తంభం మీద షాకు తిని తలకిందులుగా వేలాడిపోతే, తోటివాడు జె.డి. థాంప్సన్ అక్కడే, ఆ స్తంభం మీదే, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాడు. రోకో మొరాబిటో తీసిన ఆ ఫొటోకు మరుసటి ఏడు పులిట్జర్ వచ్చింది. చాంపియన్ ఆ తరువాత ఇంకో 35 ఏళ్ళు బతికాడు. కరెంటు మనిషి కోసం పుట్టిన విద్య ఇది. మా బోరు రైతు కొడుక్కు రాదు. ముందు మెయిన్ ఆపాలి, ఆపకుండా ముట్టుకుంటే ఇద్దరూ పోతారు అన్నది కూడా ఆ పిల్లవాడు తండ్రితో పాటు తానూ పడిపోయాక తెలుసుకోవాలా?

పేరున్నవాళ్ళు పడిపోతే మాత్రం మనకు వారం రోజులు మెలకువ వస్తుంది. 2021 అక్టోబరు 29న పునీత్ రాజ్‌కుమార్ పోతే బెంగళూరు గుండె ఆసుపత్రుల ముందు పరీక్షల కోసం జనం బారులు తీరారు. 2022 ఫిబ్రవరిలో మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి. 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్ర మధ్య తారకరత్న కుప్పకూలి, ఫిబ్రవరి 18న బెంగళూరులో కన్నుమూశారు. ప్రతిసారీ టీవీల్లో చర్చ: జిమ్ము వల్లనా, టెన్షన్ వల్లనా, తిండి వల్లనా. ఎందుకు పడ్డాడన్న చర్చ తెల్లవార్లూ నడుస్తుంది. పడితే పక్కవాడేం చేయాలన్నది బళ్ళో ఎందుకు లేదని అడిగినవాడు కనబడలేదు. 2023 మార్చి 1న తెలంగాణలో మంత్రులు కేటీఆర్, హరీశ్‌రావు సీపీఆర్ శిక్షణ ప్రారంభించారు. అదే ఏడు డిసెంబరు 6న కేంద్రం దేశమంతటా ఒకేరోజు లక్షలమందికి నేర్పింది. మంచిదే. బొమ్మ మీద చేతులు పెట్టి ఫొటో దిగినవాళ్ళను నేను తప్పుపట్టను, కనీసం చేతులు పెట్టారు. కానీ ఒక్కరోజు పండుగతో విద్య రాదు. ఏడాదికొకసారి, ప్రతి ఏడాదీ, ఆ వయసుకొచ్చిన ప్రతి పిల్లకూ చెప్పాలి. అంటే టైంటేబుల్లో ఉండాలి.

టైంటేబుల్ అనగానే మొదలవుతుంది మా పంతుళ్ళ సణుగుడు. సిలబస్‌లో లేదు. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. బొమ్మలకు బడ్జెట్ లేదు. పిల్లలు చేతకాక ఎవరి పక్కటెముకలో విరగ్గొడితే కేసెవరి మీద? ఈ చివరి మాట విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియదు. పక్కటెముక విరగవచ్చు, విరిగిన ఎముక అతుక్కుంటుంది. మీరు కాపాడదలచుకున్న ఆ పక్కటెముకల మనిషి అప్పటికే చచ్చిపోతున్నాడు సామీ.

తీరిక లేదంటారా? 2025 మే 21 నుంచి జూన్ 21 దాకా నెల రోజులు ఇదే యంత్రాంగం యోగాంధ్ర నడిపింది. ఊరూరా చాపలు పరిపించింది, విశాఖ సముద్రం ఒడ్డున లక్షలమందిని కూర్చోబెట్టింది. 2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బళ్ళన్నింటిలో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. అమ్మానాన్నలంతా బడి ఆవరణలోనే ఉన్నారు, పిల్లలు అక్కడే ఉన్నారు, పంతుళ్ళు అక్కడే ఉన్నారు. భోజనం పెట్టారు, ఆటలాడించారు, సెల్ఫీలు దిగారు. ఒక్క గంట! ఒక్క గంట ఆ అమ్మను, ఆ కూతురిని పక్కపక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, దిండు మీద చేతులు వేయించి ఉంటే, ఆ పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇద్దరికి ప్రాణం నిలిపే విద్య వచ్చి ఉండేది. చేతగాక ఊరుకోలేదు వీళ్ళు. తలుచుకుంటే ఎంత చేయగలరో కళ్ళారా చూశాం కాబట్టే కడుపు మండుతోంది.

పిల్లలకేం చేతనవుతుందిలే అనేవాళ్ళకు: 13, 14 ఏళ్ళ పిల్లలు పెద్దవాళ్ళకు దీటుగా ఛాతీ నొక్కగలరని 2007లోనే కార్డిఫ్ పరిశోధకులు పిల్లల చేత చేయించి చూసి చెప్పారు. మన లెక్కలో ఎనిమిది, తొమ్మిది తరగతులు. అంతకన్నా చిన్నవాళ్ళకు బలం చాలకపోయినా పద్ధతి వస్తుంది, పక్కనున్న పెద్దవాడికి చెప్పి చేయిస్తారు. నార్వే 1961లోనే బళ్ళలో మొదలుపెట్టింది. డెన్మార్క్ 2005లో బడిపిల్లలకు తప్పనిసరి చేసింది, డ్రైవింగ్ లైసెన్సుకూ ముడిపెట్టింది. 2001లో అక్కడ బయట గుండె ఆగినవాళ్ళలో ఐదుగురిలో ఒకరికే పక్కవాళ్ళు ఛాతీ నొక్కేవాళ్ళు. 2010 నాటికి అది 45 శాతం దగ్గరికి చేరింది. నెల తరువాత ప్రాణాలతో ఉన్నవాళ్ళు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. బడి ఒక్కటే కారణం కాదు, అంబులెన్సులూ మెరుగయ్యాయి. నూటికి పదకొండుమందేనా అని మీరనవచ్చు. ఆ పెరిగిన ఏడుగురి ఇళ్ళలో అడగండి. 12 ఏళ్ళు నిండిన ప్రతి పిల్లకూ ఏటా రెండు గంటలు చాలన్న ప్రతిపాదనను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సమర్థించింది. ఏడాదికి రెండు గంటలు! మా పంతుళ్ళు జెండావందనం రిహార్సల్‌కు అంతకంటే ఎక్కువ నిలబెడతారు.

ఆడపిల్లలకు నేర్పకపోవడం మాత్రం రెట్టింపు పాపం. ఆడవాళ్ళు పడిపోతే పరాయివాళ్ళు ఛాతీ మీద చెయ్యి వేయడానికి జంకుతారని పాశ్చాత్య దేశాల పరిశోధనల్లోనే తేలింది. ఇక మా ఊళ్ళ సంగతి చెప్పాలా? కళ్ళం కాడ కోడలు కుప్పకూలితే మామ ముట్టడు, మరిది ముట్టడు, 'ఆడోళ్ళను పిలవండి' అంటారు. పిలిస్తే వచ్చే ఆడోళ్ళకు తెలియాలి కదా. ఆడవాళ్ళ ప్రాణం ఆడపిల్లల చేతుల్లోనే ఉన్న చోట, వాళ్ళ చేతులకు ముగ్గు తప్ప ఏమీ నేర్పమంటే ఏమనాలి?

కావలసినవి చెబుతాను, ఎవరైనా బడ్జెట్ అంటారేమో చూద్దాం. వ్యాయామ టీచరు ఒకరు. ప్రభుత్వాసుపత్రి నుంచి ఒక పూటకు ఒక నర్సు. బొమ్మ ఉంటే సంతోషం. లేకపోతే గట్టి దిండు, దాని లోపల ఖాళీ నీళ్ళ సీసా. నొక్కితే సీసా లొత్తపడాలి, వదిలితే లేవాలి. నిమిషానికి ఎన్నో లెక్కపెట్టడానికి గోడ గడియారం. సంతకానికి ఒక పెన్ను. 2025 జూన్ నుంచి ప్రతి శనివారం పుస్తకాల సంచి లేని రోజు అన్నారు, కాబట్టి సిలబస్ సాకు కూడా పోయింది. ఆ రోజు చేతులతో చేసే పనులు నేర్పాలట. ఇంతకన్నా చేతులతో చేసే పని ఏముంది?

వచ్చే శనివారం ఏం పెట్టుకున్నారని ఒక బళ్ళో అడిగాను. వక్తృత్వ పోటీ అట. అంశం: ఆరోగ్యమే మహాభాగ్యం.